పైరగాలి తిరిగాక విశాఖ సముద్రం: శివరాత్రి నుంచి వేట నిషేధం దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. విశాఖలో ఆ మాట ఒడ్డు వరకే చెల్లుతుంది. ఇంచుమించు ఆ రోజుల నుంచే సముద్రంలో చలి మొదలవుతుంది. మార్చి మధ్యాహ్నం రుషికొండ ఇసుకలో చెప్పుల్లేకుండా నడవలేం. పది అడుగులు వేసి నీళ్లలో కాలు పెడితే మాత్రం ముందురోజు లేని చల్లదనం తగులుతుంది. నీలంగా ఉండాల్సిన నీరు పచ్చబారి, కాస్త చిక్కగా కనిపిస్తుంది. షికారుకొచ్చినవాళ్లు కాలు తడుపుకుని వెళ్లిపోతారు. వేట తెలిసినవాళ్లకు అది రాబోయే వారం పది రోజుల కబురు.

వసంతకాలపు వేట గురించి నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల తీరాలకు రాసినవి. నీరు ఫలానా డిగ్రీలకు వేడెక్కాక చేప ఒడ్డుకొస్తుందని వాటి లెక్క. ఆ లెక్క ఇక్కడ పారదు. విశాఖ దగ్గర జనవరి చలిలో కూడా పైనీరు ఉరామరిగా 25, 26 డిగ్రీలుంటుంది. ఏప్రిల్ చివరికి 29 దగ్గరికి చేరుతుంది. ఆ మూడు నాలుగు డిగ్రీల కోసం కానాగంత చేప గానీ పార గానీ ఎదురుచూస్తూ కూర్చోదు. ఇక్కడ చేపను కదిలించేది తిండి. ఆ తిండి పుట్టేది అడుగు నుంచి ఎక్కే చన్నీటిలో. చన్నీటిని పైకి లాగేది గాలి. అందుకే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా థర్మామీటరు కన్నా ముందు గాలి దిక్కు చూసుకోవాలి.

గాలి, దాని వెనక నీరు

ఉత్తరాంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. చలికాలమంతా ఈశాన్యం నుంచి వీచిన గాలి, ఫిబ్రవరి సగానికొచ్చేసరికి దక్షిణం నుంచి, నైరుతి నుంచి వీచడం మొదలెడుతుంది. ఇదే పైరగాలి. అంటే తీరం వెంబడే వీస్తుందన్నమాట. భూమి తిరుగుడు వల్ల మన అర్ధగోళంలో గాలి తోసిన పైనీరు ఆ గాలికి కుడివైపుగా జరుగుతుంది. నైరుతి గాలికి కుడివైపంటే ఆగ్నేయం, విశాఖకు అది నడిసముద్రం వైపు. పైనీరు అటు జరిగితే ఆ ఖాళీ పూడ్చడానికి అడుగునున్న చల్లటి నీరు ఒడ్డు పక్కన పైకెక్కుతుంది. చచ్చి అడుగుకు చేరినవాటి సారమంతా ఆ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి పొలానికి ఎరువు పడ్డట్టే. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి బృందంతో కలిసి ఈ సంగతిని కొలిచి రాశారు. ఈ తీరాన వసంతంలో నీరు పైకి ఉబుకుతుందని, శరత్తులో కిందికి దిగుతుందని ఆనాడే తేల్చారు.

గాలితో పాటు ఒరవడి కూడా తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట నీరు దక్షిణానికి పారుతుంది. గంగ, మహానది వదిలిన మంచినీటిని అదే మోసుకొస్తుంది. అందుకే ఆ నెలల్లో విశాఖ పైనీరు ఉప్పు తగ్గి, మురికిగా ఉంటుంది. ఫిబ్రవరికి ఆ ఒరవడి ఉత్తరానికి మళ్లి, మార్చి, ఏప్రిల్‌లలో జోరందుకుంటుంది. నదుల్లో నీళ్లూ తగ్గిపోయి ఉంటాయి. నీరు తేటపడుతుంది, ఉప్పెక్కుతుంది. కంటితో చూసి వేటాడే కోనెం (వంజరం), పార లాంటి చేపలకు ఇది కలిసొచ్చే కాలం.

బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. ఏడాది మొత్తంలో విశాఖ దగ్గర సముద్రమట్టం అన్నిటికన్నా కిందికి దిగేది మార్చి చుట్టుపక్కలే, అన్నిటికన్నా పైకి లేచేది అక్టోబరు, నవంబరులో. రెంటికీ అడుగుకు పైగా తేడా ఉంటుంది. ఆటుపోట్లతో దీనికి సంబంధం లేదు. నీటి చిక్కదనం, ఒరవడి మారడం వల్ల వచ్చేది. ఫలితం కంటికి కనిపిస్తుంది. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం వైపు నవంబరులో మునిగి ఉన్న బండలు మార్చి పాటులో, అంటే నీరు దిగిన వేళ, బయటపడతాయి. నీళ్లలో ఎక్కడ గుంట ఉంది, ఎక్కడ బండ చీలిక ఉందో చూసి గుర్తుపెట్టుకోవడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి రోజులు దొరకవు. వేట లేని రోజైనా సరే, మార్చి అమావాస్య పాటులో ఓ గంట నడిచి చూసుకుంటే మిగతా నెలలన్నీ అక్కరకొస్తుంది.

చల్లబడిన రోజే గాలం వేయొద్దు

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నీరు చల్లబడిందని తెలియగానే కర్ర పట్టుకుని బయల్దేరతారు, ఖాళీగా తిరిగొస్తారు. ఒక్కసారిగా రెండు మూడు డిగ్రీలు పడిపోతే ఒడ్డు పక్కన తిరిగే చేప మందగిస్తుంది, కొంత పక్కకు తప్పుకుంటుంది. పైకొచ్చిన ఎరువు నాచుగా మారాలి. నాచును తినే సూక్ష్మజీవులు పెరగాలి. వాటికోసం నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు గుంపు కట్టాలి. ఆ గుంపుల వెనక పెద్ద చేప రావాలి. ఇదంతా ఒక్క రాత్రిలో జరిగేది కాదు.

వరస ఉరామరిగా ఇలా నడుస్తుంది. నైరుతి గాలి రెండు మూడు రోజులు విడవకుండా కొడితే ఒడ్డు నీరు చల్లబడుతుంది. నాలుగో రోజు నుంచి వారం లోపు నీరు పచ్చబారుతుంది. ఆ తర్వాత గాలి మెత్తబడి, నీరు కాస్త స్థిమితపడిన రెండు మూడు రోజులే అసలైన వేట రోజులు. గాలి ఆగకుండా పది రోజులు కొడితే నీరు కలకబారి, ఒడ్డున నురగే మిగులుతుంది. మధ్యలో గాలి ఈశాన్యానికి మళ్లితే కథ మళ్లీ మొదటికొస్తుంది. గాలి ఏ రోజు ఎటు వీచిందో గోడ క్యాలెండరు మీద ఓ బాణం గుర్తు గీసుకున్నా చాలు, నెల తిరిగేసరికి ఈ వరస కళ్లముందు కనిపిస్తుంది.

పక్షులు ఈ కబురును ముందే చెబుతాయి. రెండు మూడు పక్షులు అటూ ఇటూ తిరుగుతుంటే వెతుకులాటే. పది పదిహేను ఒకేచోట మునుగుతూ లేస్తుంటే కింద గుంపు ఉన్నట్టు. పడవలో ఆ గుంపు మధ్యకు దూసుకెళ్తే అది చెదిరి అడుగుకు దిగిపోతుంది. గాలి వచ్చే వైపు నుంచి చుట్టూ తిరిగి, ఇంజను తగ్గించి, అంచు మీద వేయాలి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలతో పైనీటి వేడిని, నాచు పచ్చదనాన్ని చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను రేవుల వారీగా ప్రకటిస్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లకు, ఎంత లోతులో అని ఉంటుంది. దాన్ని చదవడంలో ఒక కిటుకుంది. అందులో చూపే గీత చన్నీరు, వేడినీరు కలిసే అంచు. ఈ కాలంలో నీరు ఉత్తరానికి పారుతోంది కాబట్టి ఆ అంచు మీరు వెళ్లేసరికి చెప్పినచోట కాక కొంత ఈశాన్యంగా జరిగి ఉండొచ్చు. గీత దక్షిణపు కొసకు వెళ్లి వెతికే బదులు ఉత్తరపు కొస నుంచి మొదలెట్టి, నీటి రంగు మారే చోటు కంటితో పట్టుకోవడం మేలు. మబ్బు కమ్మిన రోజున ఉపగ్రహం పైనీటిని చూడలేదు, ఆ రోజు కబురు రాదు. వేట నిషేధపు రోజుల్లోనూ ఇవ్వరు.

పోటు, పాటు

విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులకు నీరు దాదాపు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగుతుంది. అష్టమి చుట్టూ అది అర మీటరుకు కాస్త అటూ ఇటూ. పోటు సమయం రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యలప్పుడు నిండుపోటు సుమారుగా ఉదయం, రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య పడుతుంది. అంటే ఆ రోజుల్లో తెల్లవారుజామున నీరు ఎక్కుతూ ఉంటుంది. మార్చిలో ఆరింటికి పొద్దు పొడుస్తుంది. వెలుగు, పోటు రెండూ కలిసే ఆ రెండు గంటలు బండల మీద వేటకు సరిగ్గా కుదురుతాయి. అష్టమి రోజుల్లో ఇదంతా తిరగబడుతుంది. తెల్లవారేసరికి నీరు దిగుతూ ఉంటుంది, బండలు బోడిగా మిగులుతాయి. అప్పుడు మొగల దగ్గర (నది సముద్రంలో కలిసే చోట్ల), ఇసుక తీరాల మీద పని చూసుకోవడం నయం. కచ్చితమైన వేళకు మాత్రం ఆ ఏటి పోటు పట్టిక చూడాల్సిందే.

పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20, 21 తేదీల దగ్గరి పౌర్ణమి, అమావాస్యలకు తేడా ఇంకా పెరుగుతుంది. బండల మీద నిలబడేవాళ్లు ఆ రోజుల్లో తిరుగుదారి ముందే చూసుకోవాలి. పాటులో పొడికాళ్లతో దాటి వెళ్లిన పాయ, మూడు గంటల తర్వాత నడుంలోతు అవుతుంది.

ఇసుక తీరం మీద

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఇసుక తీరం ఒకే తీరుగా కనిపిస్తుంది గానీ నీటి కింద అలా ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా 20, 40 మీటర్ల దూరంలో ఒక కాలువలాంటి పల్లం ఉంటుంది, దాని అవతల ఇసుకమెట్ట. అల విరిగేది మెట్ట మీద. మెట్టను దాటి వచ్చిన నీరంతా మళ్లీ సముద్రంలోకి పోవడానికి అక్కడక్కడ మెట్టను తెంపుకుని దారి చేసుకుంటుంది. అదే జనాన్ని లోపలికి లాక్కెళ్లే ప్రమాదపు పాయ. దాన్ని పైనుంచి చూసి పోల్చవచ్చు. రెండు పక్కలా అల తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ విరగకుండా, నల్లగా, నిమ్మళంగా ఉంటుంది. నురగ, ఇసుక ఆ పట్టీ వెంట లోపలికి పోతుంటాయి. ఈత కొట్టేవాళ్లను చంపేది అదే, చేపకు తిండి అందించేదీ అదే. దానిలో దిగకూడదు. ఒడ్డున నిలబడి దాని రెండు అంచుల మీదికి ఎర వేయాలి. నడిమధ్యలో వేస్తే దారానికి బరువుగా కట్టిన సీసం నిలవదు.

పైరగాలి మొదలయ్యాక అలలు దక్షిణం నుంచి వాలుగా తగులుతాయి, ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. అందుకే జనవరిలో పట్టుకున్న పల్లం మార్చిలో అక్కడ ఉండదు. వెళ్లిన ప్రతిసారీ పాటులో చూసుకోవాలి.

పల్లంలో తిరిగే చేపలు సొరింగలు, గొరకలు, చిన్న పారలు. సొరింగకు నోరు చిన్నది. 8వ నంబరు గాలం, 0.25 మిల్లీమీటర్ల తంగూసు (నైలాన్ దారం), ఒలిచిన రొయ్య నుంచి చిటికెన వేలి గోరంత ముక్క, 30, 40 గ్రాముల సీసం చాలు. మోజుకొద్దీ 12 అడుగుల కర్రతో వంద మీటర్లు విసిరేవాళ్లు చేపను దాటించి వేస్తున్నారు. చేప కాళ్ల దగ్గరి పల్లంలోనే ఉంటుంది. ఎరను నిలకడగా వదిలేయకుండా, రీలు నాలుగైదు చుట్లు నెమ్మదిగా తిప్పి ఆపుతూ ఉంటే సీసం ఇసుకను కదుపుతుంది, చేప ఆ పొగను చూసి వస్తుంది. గొరక, మాగ లాంటి పెద్దవాటికి 80 నుంచి 100 గ్రాముల సీసం, 1/0 లేదా 2/0 గాలం, కవళ్ల ముక్క. కవళ్ల మాంసం మెత్తన, అలకు ఊడిపోతుంది. సన్నటి సాగే దారంతో పది చుట్లు చుట్టకపోతే సగం సేపు ఖాళీ గాలమే నీళ్లలో ఉంటుంది. కాస్త ఉప్పు పట్టించి రాత్రంతా ఉంచిన ముక్క ఇంకా గట్టిగా నిలుస్తుంది.

భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే మొగది వేరే లెక్క. వేసవికి నదిలో నీళ్లు తగ్గి మొగ సన్నబడుతుంది. సన్నబడ్డ కొద్దీ పాటు నీరు అందులోంచి జోరుగా బయటికి పరుగెత్తుతుంది. లోపలి రొయ్య, బొంత పిల్లలు దాంతో కొట్టుకొస్తాయి. పండుగప్ప వాటికోసం ఒరవడిలో కాక, దాని పక్కన సుడి తిరిగే నిమ్మళపు నీటిలో కాపు కాస్తుంది. పాటు చివరి రెండు గంటలు, అందులోనూ సాయంత్రం వెలుగు తగ్గే వేళ కలిస్తే మంచిది. ఎరను ఎగువన వేసి, ఒరవడిలో సహజంగా కొట్టుకుపోనిచ్చి, ఆ సుడి అంచుకు చేర్చాలి. లాగి పట్టుకుంటే అనుమానిస్తుంది.

బండల మీద

పార, బారకూడా, అప్పుడప్పుడు కోనెం ఒడ్డు నుంచి దొరికేది బండల దగ్గరే. యారాడ కొండ పక్క నుంచి రుషికొండ దాటే వరకు ఇలాంటి బండతీరాలున్నాయి. వాటిలో డాల్ఫిన్ నోస్ కొండ చుట్టూ, రేవు ముఖద్వారం దగ్గర, నౌకాదళం హద్దుల్లో అడుగుపెట్టకూడదు. రుషికొండలో ఈత కోసం తాళ్లు కట్టిన చోట గాలం వేయకూడదు.

9, 10 అడుగుల కర్ర, 5000 సైజు రీలు, 30 పౌన్ల అల్లిక దారం, దాని కొసకు 50 పౌన్ల తంగూసు ఒకటిన్నర మీటరు. ఈ తంగూసు లేకుండా అల్లిక దారం నేరుగా కడితే బండకు అంటిన ఆలిచిప్పల అంచు తగిలిన మరుక్షణం తెగిపోతుంది. లాగుడుకు తట్టుకునే అల్లిక దారం రాపిడికి ఆగదు. రీలు పట్టు (దారం జారిపోకుండా రీలు ఆపే బలం) 30 పౌన్ల దారానికి మూడున్నర, నాలుగు కిలోల దగ్గర పెట్టుకోవాలి. స్ప్రింగు త్రాసును దారానికి తగిలించి లాగి చూస్తే తేలిపోతుంది, చేతి అంచనా మాత్రం దాదాపు ప్రతిసారీ తప్పుతుంది. పార తగలగానే అడుగు బండల్లోకి దూరుతుంది. మొదటి పది సెకన్లలో దాన్ని ఆపలేకపోతే తర్వాత ఆపేది లేదు. బారకూడా, కోనెం కోసమైతే గాలానికి ముందు ఒక జానెడు ఉక్కుతీగ ఉండాలి. తీగ ఉంటే పార అంతగా అందుకోదు. రెంటికీ ఒకే సరంజామా వాడాలనుకునేవాళ్లకు ఎప్పుడూ ఏదో ఒకటి పోతుంది.

30, 40 గ్రాముల వెండిరంగు లోహపు ఎర ఈ కాలానికి నప్పుతుంది. గుంపులుగా తిరిగే నెత్తళ్లు, కవళ్లు అదే పొడవు, అదే మెరుపు. వేగంగా లాగాలి. ఆ వేగానికి తప్పించుకుంటుందేమో అనిపిస్తుంది గానీ పారను మించి రీలు తిప్పగల చెయ్యి లేదు. పొద్దెక్కి తొమ్మిది దాటాక పైనీటిలో కాటు తగ్గుతుంది. అప్పుడు ఎరను అడుగు దాకా దిగనిచ్చి లాగాలి.

బండల మీద ప్రాణం తీసేది గాలి అల కాదు, దూరం నుంచొచ్చే ఉబ్బు. మార్చి చివర నుంచి హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన పుట్టిన ఉబ్బు గాలి లేని రోజున కూడా బంగాళాఖాతంలోకి వస్తుంది. సముద్రం అద్దంలా ఉంటుంది. పది నిమిషాలకోసారి మూడు నాలుగు పెద్ద అలలు వరసగా లేచి, అంతవరకూ పొడిగా ఉన్న బండను కడిగేస్తాయి. ఇన్‌కాయిస్ అల సూచనలో ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. అలకూ అలకూ మధ్య 14 సెకన్లు, అంతకు మించి ఉంటే ఒక మీటరు ఎత్తు ఉబ్బు కూడా కింది బండల మీద నిలబడనివ్వదు. దిగేముందు కనీసం పావుగంట నిలబడి చూడాలి. ఏ బండ తడిగా ఉందో అక్కడిదాకా నీళ్లు వస్తున్నాయన్నమాట. పచ్చనాచు పట్టిన బండ మీద అసలే నిలబడకూడదు.

పడవ మీద

పడవ వేటకు ఈ కాలంలో కలిసొచ్చేది విశాఖ ఎదుట సముద్రపు మెట్ట, అంటే ఒడ్డు నుంచి తక్కువ లోతుతో సాగే అడుగు, సన్నంగా ఉండటం. గుజరాత్ వైపు వందల కిలోమీటర్లు వెళ్లినా రాని లోతు, ఇక్కడ కొన్ని పదుల కిలోమీటర్లలోనే వస్తుంది. అందుకే ఫైబర్ తెప్ప మీద చిన్న ఇంజనుతో నలుగురైదుగురు రెండు మూడు రోజులకు సరిపడా ఐసు, నీళ్లు, బియ్యం వేసుకుని రెక్క సూర (ట్యూనా) కోసం, కొమ్ముకోనెం కోసం వెళ్లి రాగలుగుతున్నారు.

ఒరవడి లెక్క తప్పితే ఇంధనం తప్పుతుంది. ఒక నాట్ ఒరవడి అంటే గంటకు 1.85 కి.మీ. రాత్రి ఆరు గంటలు వల వదిలితే అది ఉత్తరానికి 11 కి.మీ. కొట్టుకుపోతుంది, రెండు నాట్లయితే 22 కి.మీ. హార్బరు ఎదుట వేసిన వల తెల్లారి భీమిలి వైపు తేలుతుంది. అందుకే మార్చిలో వల వేసేవాళ్లు ముందు దక్షిణానికి, గంగవరం, పూడిమడక వైపు వెళ్లి అక్కడి నుంచి వదులుతారు. గాలంతో అడుగు వేట చేసేవాళ్లకు సీసమే కొలత. ఒరవడి లేనప్పుడు 40 మీటర్ల లోతుకు 80 గ్రాములు చాలు. ఇప్పుడు 150, 200 గ్రాములు కావాలి. తంగూసు నీటిలో 45 డిగ్రీలకు మించి వాలిందంటే ఎర అడుగున లేదని అర్థం, సీసం పెంచాలి.

ఫిబ్రవరిలో ఒక చిక్కు ఉంది. ఒరవడి ఉత్తరానికి మళ్లి ఉంటుంది, గాలి మాత్రం కొన్ని రోజులు ఇంకా ఈశాన్యం నుంచే వీస్తుంది. నీరు, గాలి ఎదురెదురైతే అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. గాలి పెద్దగా లేకపోయినా చిన్న పడవను అదే ముంచుతుంది. అదే వేగం నైరుతి గాలికి, నీరూ గాలీ ఒకే దిక్కు కాబట్టి, సముద్రం ఎంతో మెత్తగా ఉంటుంది. ఏప్రిల్‌కు ఈ మెత్తదనం కూడా మధ్యాహ్నం దాకానే. ఉదయం నేల మీంచి వీచే గాలి తొమ్మిదికి పడిపోతుంది, పదకొండుకు సముద్రపు గాలి లేస్తుంది, రెండింటికి తిరుగు ప్రయాణమంతా జల్లు తడుపుడే. చీకటితో వెళ్లి పదకొండు లోపు ఒడ్డెక్కడం చిన్న పడవలకు మంచిది. ఆపదలో కోస్ట్‌గార్డును పిలవడానికి నంబరు 1554. ఒడ్డుకు దూరంగా ఫోను పనిచేయదు, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానెల్ ఉండాలి.

బంగాళాఖాతంలో లోతుకు పోయేకొద్దీ ప్రాణవాయువు త్వరగా తగ్గిపోతుంది. చన్నీరు ఎక్కిన రోజుల్లో ఆ ప్రాణవాయువు తగ్గిన నీరు ఇంకా పైకి వస్తుంది. రెక్క సూర దాని కిందికి దిగి ఎక్కువసేపు ఉండదు. కాబట్టి లోతుగా వేస్తే పెద్దది దొరుకుతుందనే నమ్మకం ఈ కాలంలో ఇక్కడ పనిచేయదు.

ఎండలో పట్టిన చేప

పట్టడం సగం పనే. మార్చి, ఏప్రిల్ ఎండలో మిగతా సగం చెడిపోవడం చాలా తేలిక. సూర ఒళ్లు చుట్టూ ఉన్న నీటికన్నా వేడిగా ఉంటుంది. గంటసేపు పోరాడితే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. అలాగే వదిలేస్తే మాంసం పాలిపోయి, ఉడికినట్టు అవుతుంది. ఎగుమతి కొనుగోలుదారు దాన్ని తోక దగ్గర కోసి చూసి పక్కన పడేస్తాడు. పడవలోకి లాగగానే తల మీద ఒక దెబ్బ. పక్క రెక్క మొదలు నుంచి రెండు మూడు వేళ్ల వెనక, రెండు వైపులా, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతున నిలువుగా కోత. అక్కడ నెత్తురు గొట్టం ఉంటుంది. ఐదు పది నిమిషాలు నీళ్లు పోస్తూ నెత్తురు పోనివ్వాలి. మొప్పలు, పేగులు తీసి, ఆ ఖాళీలో ఐసు కూరి, ఐసులోనే పూడ్చాలి. చేప ఎంత బరువో ఐసు అంత బరువు. పెద్ద సూర లోపలిదాకా చల్లబడటానికి ఒక రాత్రంతా పడుతుంది. ఐసు మీద పైపైన పడుకోబెడితే కింది సగం చల్లన, పై సగం వెచ్చన.

కానాగంత, సూర లాంటి ఎర్రమాంసం చేపలు ఎండలో రెండు మూడు గంటలుంటే హిస్టమిన్ అనే విషం పుడుతుంది. వాసన రాకపోవచ్చు. వండినా, వేయించినా అది పోదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. 'చేప పడలేదు' అని జనం అనుకునేదాంట్లో చాలావరకు ఇదే. ఒడ్డున గాలం వేసేవాళ్లు కూడా థర్మకోల్ పెట్టెలో ఐసు లేకుండా వెళ్లకూడదు.

కానాగంత పేరుకు విశాఖతో ఒక అనుబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి పరిశోధకుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ రెండొందల చేపల బొమ్మలు గీయించి, స్థానికులు చెప్పిన తెలుగు పేర్లే వాటి కింద రాశాడు. ఆ గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. దాని ఆధారంగానే 1816లో ఫ్రాన్సు శాస్త్రవేత్త క్యువియే ఈ చేపకు 'కనగుర్త' అని పేరుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఈ చేప గురించి రాసినా శాస్త్రీయ నామంలో మన మాటే ఉంటుంది.

ముళ్లు, తాబేళ్లు, తేదీలు

జల్ల చేప ముల్లు, టేకు చేప ముల్లు గుచ్చుకుంటే మంచుగడ్డ పెట్టకూడదు. ఆ విషం వేడికి విరుగుతుంది. చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. తర్వాత ఆసుపత్రికి వెళ్లి ముల్లు ముక్క మిగిలిందేమో చూపించుకోవాలి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లేది టీ కోసమే కానక్కర్లేదు.

ఇవే నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. తలకు కట్టుకున్న తెల్లటి లైటు చూసి వెనక్కి తిరిగిపోతాయి. ఎర్రటి కాగితం అడ్డుపెడితే అంత బెదరవు. గాలానికి తాబేలు చిక్కితే తంగూసు పట్టుకుని ఎత్తకూడదు, పెంకు పట్టుకుని ఒడ్డుకు తేవాలి. గాలం గొంతులోకి దిగి ఉంటే లాగొద్దు, దారం వీలైనంత పొట్టిగా కోసి అటవీశాఖవాళ్లకు చెప్పాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరమంతా వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 రోజులుండేది. మరబోట్లకు, ఇంజను పడవలకు వర్తిస్తుంది, ఇంజను లేని తెప్పలకు మినహాయింపు. చాలా చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. నిజానికి చన్నీరు ఎక్కడం నిషేధం మొదలయ్యాక కూడా ఆగదు. ఏప్రిల్ రెండో సగంలో ఆ నీటి మీద ఇంజను చప్పుడు ఉండదు. బోట్లు హార్బరులో పక్కపక్కన ఒరిగి ఉంటాయి, వలలు జెట్టీ మీద బాగుచేతకు పరచి ఉంటాయి. కవళ్ల గుంపులు అంతకుముందు కన్నా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. అప్పుడు బండ మీద నిలబడి గాలం వేసేవాళ్లకు ఉదయం పదిగంటల లోపే పని ముగించుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత లేచే గాలికి 40 గ్రాముల ఎర విసిరినంత దూరం పోదు, దారం విల్లులా వంగి చేప కాటు చేతికి తెలియదు.